ఆటో ఏసీలో ఫ్యాన్ ఎందుకిట్టా హోరెత్తుతా ఉంది? 24 పెట్టినా 27 పెట్టినా అదే మోత

మాగుంట_లేఅవుట్_కుర్రోడు (నెల్లూరు)

అన్నలూ ఒక డౌటు. మా కార్లో ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉంది, ఇన్నాళ్ళూ ఆటో బటన్ నొక్కి 24 పెట్టేస్తే మళ్ళీ దాని జోలికి పోయే పనే ఉండేది కాదు. ఇప్పుడు కొన్నాళ్ళనుంచి ఎట్టా ఉందంటే మధ్యాహ్నం పూట బండి తీస్తే ఫ్యాన్ ఫుల్లుకి పోయి హోరుమని కొడతా ఉంటది, సరే ఎండలో పెట్టిన బండి కదా కాసేపు కొట్టనీలే అనుకుంటే లోపలంతా గడ్డకట్టుకుపోయినా కూడా తగ్గదు. మొన్న ఒంగోల్లో పెళ్ళికి పోయి తిరిగొస్తా ఉంటే టంగుటూరు టోలు దాటినా అదే మోత, కావలి దాటినా అదే మోత, కోవూరు వచ్చినా అదే. వెనక సీట్లో మా అమ్మ కొంగు తలమీదుగా కప్పుకొని కూర్చుంది, మా నాయనేమో ఏసీ పాడైపోయింది ముందు చూపించరా అని దారి పొడుగూతా ఒకటే పోరు. 27 పెట్టి చూశా, గాలి కొంచెం వెచ్చబడింది గానీ మోత పెద్దగా తగ్గలా.

చేత్తో ఫ్యాన్ రెండు గీతలకి దించితే మాత్రం హాయిగా ఉంది, చల్లదనం కూడా సరిపోతా ఉంది. ఇంకో సంగతి, పొద్దున్నే ఆరింటికి బండి తీస్తే ఏ గొడవా లేదు, నిమ్మళంగా నడుస్తది.

సర్వీసు సెంటర్లో చూపిస్తే గ్యాస్ చెక్ చేసి, గ్యాస్ బానే ఉంది సార్, ఆటోలో పెడితే అట్టానే ఉంటది అని పంపించేశారు. అట్టానే ఉండేదయితే ఇన్నాళ్ళు ఎందుకు లేదు అని అడిగితే సమాధానం లేదు.

అసలు ఈ ఫ్యాన్ ఎంత స్పీడు తిరగాలో ఎవరు డిసైడ్ చేస్తారన్నా, దేన్ని చూసి? లోపల 24 కి రాగానే తగ్గాలి కదా?

చీమకుర్తి_రాయి

క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడు బ్రదర్ ముందు. గ్లోవ్ బాక్స్ వెనకాలే ఉంటది, రెండు పక్కలా నొక్కి కిందికి దించితే కనపడతది, చాలా కార్లకి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లా. మా వైపు గ్రానైట్ లారీల రోడ్డు మీద తిరిగే బండ్లకి ఫిల్టర్ చూస్తే సిమెంటు బస్తా దులిపినట్టు ఉంటది. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తక్కువ వస్తది, లోపల చల్లబడేదానికి టైం పడతది, అందుకని ఫ్యాన్ గింజుకుంటా ఉంటది.

ఒంగోలు_ఆటో_ఏసీ

రాయి గారు చెప్పింది కరెక్టే, ఫిల్టర్ చూడటం మంచిదే, గాలి ఎంత వస్తా ఉందో కొలిచేది ఏదీ ఏసీలో ఉండదు, కంప్యూటర్ ఫ్యాన్ మోటరుకి ఇంత వోల్టేజీ పో అని చెప్పి ఊరుకుంటది, ఫిల్టర్లో దుమ్ముందా ఎలక గూడు పెట్టిందా దానికి తెలీదు. కానీ తమ్ముడు చెప్పే లక్షణం ఫిల్టర్ది కాదు. ఫిల్టర్ మూసుకుపోయుంటే చల్లదనం సరిపోలేదని గోల పెట్టాలి, ఇక్కడ అమ్మగారు కొంగు కప్పుకుంటా ఉన్నారు. లోపల చలి పుడతా ఉంటే కంప్యూటర్ మాత్రం ఇంకా వేడిగా ఉందనుకుంటా ఉంది. అంటే దానికి అబద్ధం చెప్పేవాడు ఎవడో ఉన్నాడు.

నీ అసలు ప్రశ్నకి వస్తా. లోపల 24 రాగానే ఫ్యాన్ తగ్గాలి అనేది సగమే నిజం తమ్ముడూ. నువ్వు పెట్టే 24 వెంట్ లోంచి వచ్చే గాలిది కాదు, మనుషులు కూర్చునే చోట ఉండాల్సిన వేడి. అది తేవడానికి ఏసీ కంప్యూటర్ నాలుగైదు చోట్లనుంచి సమాచారం తెప్పించుకుంటది. స్టీరింగు పక్కనో కిందనో చిన్న జాలీ వెనకాల లోపలి సెన్సార్ ఒకటి, ముందు బంపరు వెనకాల బయటి వేడి చూసేది ఒకటి, ముందద్దం కింద డ్యాష్‌బోర్డు మీద నల్ల బొత్తాంలాగా ఎండ సెన్సార్ ఒకటి, కూలింగ్ కాయిల్ మీద ఒకటి, ఇంజిన్ నీళ్ళ వేడి ఒకటి. అన్నీ కలిపి ఒకే ఒక్క నంబరు లెక్క కడతది, ఇప్పుడు వెంట్ లోంచి ఎంత వేడి గాలి లేదా ఎంత చల్లగాలి వదిలితే లోపల 24 నిలబడతది అని. టయోటా మాన్యువళ్ళలో దీన్ని టీఏఓ అంటారు, మిగతా కంపెనీల్లో పేరు వేరు, పని అదే. ఫ్యాన్ నడిచేది ఈ నంబరు మీద.

ఊరికే చెప్తే ఎక్కదు, లెక్క వేసి చూపిస్తా. ప్రతి సెన్సారుకీ ఒక వెయిటు ఉంటది, కారు కారుకీ మారతది, ఇక్కడ ఉదాహరణకి సెట్ చేసిన దానికి 7, లోపలి వేడికి 3, బయటి వేడికి 1.1 అనుకో, చివర్లో ఇంకో 45 తీసేయాలనుకో, ఎండ సెన్సార్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. మే నెల మధ్యాహ్నం, బయట 40, ఎండలో నిలబెట్టిన కారు లోపల 50, నువ్వు పెట్టింది 24. ఏడు ఇరవై నాలుగులు 168, అందులోంచి 150 పోవాలి, 44 పోవాలి, 45 పోవాలి, మిగిలేది మైనస్ 71. మైనస్ 71 డిగ్రీల గాలి ఏ కారూ ఇవ్వలేదు, కూలింగ్ కాయిల్ సున్నా దాటి కిందికి పోతే మంచు కడతది కాబట్టి దాన్ని రెండు మూడు డిగ్రీల దగ్గరే ఆపేస్తారు. కాబట్టి అంత మైనస్ వస్తే కంప్యూటర్కి ఒకటే అర్థం, ఉన్నదంతా పెట్టు అని. ఫ్యాన్ ఫుల్లు, బయటి గాలి మూసెయ్, లోపలి గాలే తిప్పు, ఏసీ లోపల హీటర్ వైపు గాలి పోయే చిన్న తలుపు పూర్తిగా మూసెయ్.

కాసేపటికి లోపల 25 కి దిగిందనుకో. ఇప్పుడు 168 లోంచి 75, 44, 45 తీస్తే 4. అంటే ఇంకా చల్లగాలే కావాలి గానీ ఎగబడాల్సిన పని లేదు, ఫ్యాన్ మధ్యలోకి దిగుతది. అదే సాయంత్రం బయట 30 అయితే 44 బదులు 33 పోతది, 15 వస్తది, ఫ్యాన్ ఇంకా కిందికి. లోపలి వేడి రెండు సార్లూ 25 యే చూడు, ఫ్యాన్ మాత్రం వేరు. అందుకే అన్నా సగమే నిజం అని. సెట్ చేసే నంబరుకి వెయిటు ఎక్కువ కాబట్టే 24 నుంచి 22 కి దించగానే ఫ్యాన్ గబుక్కున లేస్తది, పై లెక్కలో మధ్యాహ్నం 4 కాస్తా మైనస్ 10 అవుతది, లోపలి వేడి ఏమీ మారకుండానే.

ఈ నంబరు బాగా తక్కువైనా ఫ్యాన్ ఫుల్లే, బాగా ఎక్కువైనా ఫుల్లే, మధ్యలో ఉంటే అడుగున. పేపరు మీద గీస్తే ఇంగ్లీషు యూ అక్షరంలాగా ఉంటది. కుడి పక్క కొమ్ము మంచు పడే దేశాలోళ్ళకి, హీటర్ కోసం. మనం పుట్టి బుద్ధెరిగి ఎడం పక్క కొమ్ము తప్ప చూసింది లేదు.

ఇప్పుడు నీ రోగం. 27 పెట్టినా ఫ్యాన్ తగ్గలేదన్నావు, పొద్దున్నే బాగుంటదన్నావు, చేత్తో తగ్గిస్తే హాయిగా ఉందన్నావు. గ్యాసూ కంప్రెసరూ మోటరూ అన్నీ బాగున్నట్టే. లోపలి సెన్సార్ మీదే నా అనుమానం. ఆ జాలీ వెనకాల సెన్సార్ దగ్గరికి కారులోని గాలి దానంతటది పోదు, లాగాలి. కొన్ని కార్లలో బుల్లి ఫ్యాన్ ఉంటది, ఇంకొన్నిట్లో ఒక సన్న గొట్టం ఉంటది, దాని రెండో చివర ఏసీ డబ్బాకి తగిలిస్తారు, బ్లోయర్ (అదే ఏసీ ఫ్యాన్) గాలి పోయే ఊపుకి ఆ గొట్టంలోంచి కొద్దిగా గాలి లాగబడతది. ఆ గొట్టం ఊడినా, జాలీలో దుమ్ము పేరుకున్నా గాలి ఆడదు. అప్పుడు సెన్సార్ చూసేది మనుషుల దగ్గరున్న గాలిని కాదు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ వెనకాల ఉన్న వేడిని. ఎండలో కాలిన డ్యాష్‌బోర్డు చాలాసేపటిదాకా పూర్తిగా చల్లబడదు. పొద్దున్నే అయితే అది కూడా చల్లగానే ఉంటది కాబట్టి నీకు తేడా తెలీడం లేదు.

టెస్టు చాలా తేలిక. ఫ్యాన్ చేత్తో పైకి పెట్టు, పల్చటి టిష్యూ పేపరు ముక్క, వేలిగోరు కంటే కొంచెం పెద్దది, ఆ జాలీ మీద ఆనించి వదిలెయ్. అంటుకొని నిలబడితే లాగుడు ఉన్నట్టు. జారి పడిపోతే గొట్టం సంగతి చూడాలి. టిష్యూనే వాడు, నోటు పేపరు బరువు. ఈ మధ్య డ్యాష్‌బోర్డు ఎవరైనా ఊడదీశారా? అది చెప్పు.

ఆత్మకూరు_అబ్బాయి

అందుకే చెప్పేది ఈ ఆటో ఏసీలు ఉత్త డబ్బు దండగ అని. మాన్యువల్ నాబ్ ఉంటే తిప్పితే తిరగద్ది ఆపితే ఆగద్ది. నేనయితే ఆటో ఏసీ కారులో కూడా 16 పెట్టేస్తా, తొందరగా చల్లబడతది, తర్వాత ఫ్యాన్ తగ్గించుకుంటా.

ఒంగోలు_ఆటో_ఏసీ

అబ్బాయ్, ఎండలో నిలబెట్టిన కారుకి 24 పెట్టినా 16 పెట్టినా మొదటి కాసేపు ఒకటే. పైన లెక్క చూడు, 24 కే మైనస్ 71 వచ్చింది, ఫుల్లు అక్కడే అయిపోయింది, 16 పెడితే మైనస్ వంద దాటుద్దేమో గానీ ఫుల్లుకి మించి ఫుల్లు ఉండదు. తేడా ఎప్పుడొస్తదంటే చల్లబడ్డాక, 24 అయితే తగ్గుతది, నీదయితే తగ్గదు, నువ్వు చేత్తో తగ్గించాల్సొస్తది. నంబరు బాగా దించితే కొన్ని కార్లలో స్క్రీన్ మీద 'LO' అని పడతది చూడు, దాని అర్థం లెక్కలు మానేసి గుడ్డిగా ఫుల్లు కొట్టు అని.

ఇంకోటి, ఫ్యాన్ బటన్ ముట్టుకుంటే ఆటో లైటు ఆరిపోతది కదా, అందరూ ఏసీ మొత్తం మాన్యువల్ అయిపోయిందనుకుంటారు. చాలా కార్లలో ఫ్యాన్ ఒక్కటే నీ చేతికొస్తది, వేడి చల్లదనం కలిపే తలుపు మాత్రం ఇంకా కంప్యూటరే చూసుకుంటది. మన తమ్ముడికి రెండు గీతలు పెడితే హాయిగా ఉందంటే ఆ చల్లగాలి తక్కువ వస్తా ఉంది కాబట్టే.

డబ్బు దండగ అంటావా, నీ ఇష్టం. ఇది నిన్న మొన్న పుట్టింది మాత్రం కాదు, అమెరికాలో 1964 లోనే క్యాడిలాక్ కార్లలో టెంపరేచర్ పెట్టి వదిలేసే ఏసీ వచ్చింది.

గూడూరు_ట్యాక్సీ

అన్నా నాది అచ్చం రివర్సు కేసు. మిట్టమధ్యాహ్నం రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి పాసింజర్ని ఎక్కించుకొని వస్తా ఉంటే ఫ్యాన్ ఉసూరుమంటా తిరుగుతది, ఏసీ పెట్టయ్యా అంటారు, పెట్టే ఉంది సార్ అంటా నేను. చేత్తో పెంచితే బ్రహ్మాండంగా కొడతది. ముందు సీట్లో కూర్చున్నోళ్ళే ఎక్కువ గోల పెట్టేది. దీన్నేం చేయాలి?

ఒంగోలు_ఆటో_ఏసీ

డ్యాష్‌బోర్డు మీద ఏం పెట్టావో చెప్పు ముందు.

గూడూరు_ట్యాక్సీ

వెంకటేశ్వర స్వామి బొమ్మ, దాని కింద వెల్వెట్ గుడ్డ. డ్యాష్‌బోర్డు పగలకుండా ఈ చివరనుంచి ఆ చివరకి పరిచా.

ఒంగోలు_ఆటో_ఏసీ

ఇంకేం. గుడ్డ కింద ఎండ సెన్సార్ ఉంది. అది చీకట్లో ఉంటే కంప్యూటర్ దృష్టిలో నీకు రోజంతా రాత్రే. ఎండ పడితే ఆ లెక్కలోంచి ఇంకొంత తీసేయాలి, అంటే నంబరు ఇంకా కిందికి పోవాలి, ఫ్యాన్ ఇంకో రెండు మెట్లు ఎక్కాలి. ఎందుకంటే లోపల గాలి 25 లోనే ఉన్నా ముందద్దంలోంచి తొడల మీద పడే ఎండ గాలి సెన్సార్కి తెలీదు, అది మనిషి ఒంటికే తెలుస్తది. ముందు సీటోళ్ళే గోల పెడతా ఉన్నారంటే సరిగ్గా అదే. స్వామిని కదపబాకు, గుడ్డకి బొత్తాం ఉన్న చోట ఒక బొక్క కత్తిరించు.

సెన్సార్ పనిచేస్తా ఉందో లేదో ఫోను టార్చి వేసి చూసి పాడైపోయిందని డిసైడ్ అయిపోబాకండి, ఎల్ఈడీ వెలుగులో అది చూసే ఇన్‌ఫ్రారెడ్ సరిపడా ఉండదు. ఎండలో పెట్టి చూడాలి, లేదంటే పాతకాలం ఫిలమెంటు బల్బు దగ్గరగా పట్టాలి. కొన్ని కార్లలో షెడ్డులో చీకట్లో స్కాన్ చేస్తే సెన్సార్ బాగున్నా ఎండ సెన్సార్ ఫాల్ట్ అని కోడు చూపిస్తది, అది చూసి కొత్త సెన్సార్ వేయించి డబ్బులు వదిలించుకున్నోళ్ళు ఉన్నారు.

కందుకూరు_డిప్లొమా

మంచి డిస్కషన్ నడుస్తా ఉంది, ఎలక్ట్రికల్ వైపు నేను రాస్తా. కంప్యూటర్ ఎంత స్పీడు అని తేల్చుకున్నాక మోటరుని ఆ స్పీడులో తిప్పేది ఎట్టా అనేది వేరే కథ.

మాన్యువల్ ఏసీలో నాలుగు స్పీడులుంటాయి కదా, అక్కడ ఉండేది రెసిస్టర్. పాత ఇళ్ళల్లో ఫ్యానుకి గోడమీద పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉండి చెయ్యి పెడితే కాలేది, అదే పద్ధతి, మోటరుకి పోవాల్సిన కరెంటుని దారిలో వేడి చేసి పారేస్తది. అందుకే దాన్ని బ్లోయర్ గాలి తగిలే చోట బిగిస్తారు, లేకపోతే మాడిపోద్ది. నాలుగో స్పీడుకి రెసిస్టర్ లేకుండా డైరెక్టుగా పోతది. ఒకటీ రెండూ మూడూ పనిచేయక నాలుగు ఒక్కటే పనిచేస్తా ఉంటే కళ్ళు మూసుకొని రెసిస్టర్ అని చెప్పొచ్చు, ఆత్మకూరు బ్రదర్ గుర్తు పెట్టుకో, మీ మాన్యువల్ బండ్లకే ఇది.

ఆటో ఏసీలో మెట్లు ఉండవు, స్క్రీన్ మీద ఏడు గీతలో ఎనిమిది గీతలో చూపిస్తది గానీ ఆటోలో ఉన్నప్పుడు మధ్యమధ్యలో ఎన్ని స్పీడులైనా ఉంటాయి, అందుకే మోత ఎప్పుడు తగ్గిందో తెలీకుండా తగ్గుతది. దానికోసం పవర్ ట్రాన్సిస్టర్ వాడతారు, ఇప్పుడయితే మాస్‌ఫెట్, అదీ ఒక రకం ట్రాన్సిస్టరే. రెండు రకాలు. ఒకటి ట్రాన్సిస్టర్ సగం తెరిచి సగం మూసి పెట్టేది, మోటరుకి 6 వోల్టులు కావాలంటే మిగతా 6 వోల్టులు అది తన మీద వేసుకుంటది, ఉదాహరణకి 8 ఆంపియర్లు పోతా ఉంటే 48 వాట్లు ఉత్తి వేడి, దానికి అల్యూమినియం రెక్కలు పెట్టి మళ్ళీ గాలి దారిలోనే బిగిస్తారు. తమాషా ఏంటంటే ఫుల్లు స్పీడులో ఇది చల్లగా ఉంటది, మధ్య స్పీడులోనే కాలతది. రెండోది పీడబ్ల్యూఎం, సెకనుకి వేలసార్లు పూర్తిగా వేసి పూర్తిగా ఆపడం, ఎంతసేపు వేసి ఉంచారు అనేదే స్పీడు. ఇందులో వేడి బాగా తక్కువ. ఇప్పటి చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్రష్‌లెస్ మోటర్లు, కంట్రోలు మోటరు లోపలే ఉంటది.

ఈ ట్రాన్సిస్టర్ ఉండే ముక్కని మాడ్యూలు అంటారు, అది పోతే ఎట్టా ఉంటదంటే, లోపల షార్ట్ అయితే ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్లే, బటన్ ఎంత నొక్కినా తగ్గదు. లోపల తెగిపోతే అసలు తిరగదు. మన పోస్టు పెట్టిన తమ్ముడికి చేత్తో తగ్గిస్తే తగ్గుతా ఉంది కాబట్టి మాడ్యూలు బాగున్నట్టే. ఎవడైనా మాడ్యూలు మార్చాలంటే ఒప్పుకోబాకు.

నిజంగా పోయినోళ్ళకి ఒక మాట. మాడ్యూలు ఒక్కటే మార్చి వదిలేయకండి, మోటరు ఎంత కరెంటు లాగుతా ఉందో వైరు చుట్టూ తగిలించే క్లాంపు మీటరు పెట్టి చూడమనండి. ఫుల్లులో 20 ఆంపియర్ల చుట్టుపక్కల చాలా కార్లకి మామూలే. బుష్షులు పట్టేసిన మోటరు అంతకంటే బాగా ఎక్కువ లాగుతది, కొత్త మాడ్యూల్ని కూడా తినేస్తది. కనెక్టరు ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కాలిన వాసన వస్తా ఉంటే ఆ కనెక్టరు కూడా మార్చాలి, టేపు చుట్టి మళ్ళీ అదే తగిలిస్తే మీ కర్మ.

కావలి_నుంచి

డిప్లొమా అన్నా, ఫ్యాన్ తక్కువలో పెడితే మైలేజీ పెరుగుతదా?

కందుకూరు_డిప్లొమా

ఫ్యాన్ తినేది తక్కువే తమ్ముడూ, ఫుల్లులో 12 వోల్టులు 20 ఆంపియర్లు అంటే 240 వాట్లు, ఇంట్లో నాలుగు సీలింగు ఫ్యాన్లు లెక్క. కంప్రెసర్ తినేది దానికి పదింతలు పైనే, కిలోవాట్లలో ఉంటది. కాబట్టి ఫ్యాన్ గీతలు చూసుకుంటా కూర్చోబాకు, నంబరు 22 బదులు 25 పెట్టుకో, దానికీ దీనికీ కూడా పని తగ్గుతది. మన కోస్తాలో ఇంకో బాధ కూడా ఉంది, ఏసీ శక్తిలో చాలా భాగం గాలిని చల్లబరచడానికి కాదు, గాలిలో ఉన్న తేమని నీళ్ళు చేసి కింద కార్చడానికి పోతది. మైపాడు బీచి దగ్గర బండి ఆపితే కింద మడుగు కడతది చూడు, అదంతా ఏసీ కష్టమే. బయటి గాలి తెరిచి పెడితే ఆ తేమ ఆగకుండా వస్తానే ఉంటది, రీసర్క్యులేషన్లో, అంటే లోపలి గాలే తిప్పేదాంట్లో ఉంచు. చేపల లారీ వెనక ఇరుక్కున్నప్పుడు కూడా అదే బటను, అది ఎవరికీ చెప్పక్కర్లేదనుకో.

మాగుంట_లేఅవుట్_కుర్రోడు (నెల్లూరు)

అన్నలందరికీ థాంక్స్. టిష్యూ టెస్టు చేశా. స్టీరింగుకి ఎడం పక్కన మూడు సన్న గీతల జాలీ ఉంది, ఇన్నాళ్ళూ అది మైకు అనుకున్నా. ఫ్యాన్ ఫుల్లు పెట్టి టిష్యూ ముక్క ఆనిస్తే అసలు అంటుకోలా, పెట్టిన ప్రతిసారీ జారి కాళ్ళ దగ్గర పడింది.

డ్యాష్‌బోర్డు ఊడదీశారా అని అడిగారు కదా ఒంగోలన్నా, ఊడదీశారు, పెద్ద స్క్రీన్ స్టీరియో వేయించాం ఒక షాపులో, ఆ తర్వాతనుంచే ఈ గోల, నాకు ఆ రెంటికీ లింకు తట్టలేదు. ఆటోనగర్లో తెలిసిన ఏసీ ఆయన దగ్గరికి పోతే కింద ప్యానెల్ దించి చెయ్యి పెట్టి చూశాడు, ముడతల గొట్టం ఒకటి, చిటికెన వేలంత లావు ఉంది, రెండో చివర ఊడి వైర్ల మధ్యలో వేలాడతా ఉంది. మూతి మీద ఎర్రటి ఇన్సులేషన్ టేపు ముక్క కూడా అంటుకొని ఉంది, వైర్లకి చుట్టబోయి దీనికి చుట్టినట్టున్నారు. గొట్టం మళ్ళీ ఏసీ డబ్బాకి నొక్కి తగిలిస్తే టక్‌మని కూర్చుంది. పార్టు లేదు ఏం లేదు, టీ తాగినంత సేపట్లో అయిపోయింది, డబ్బులు కూడా వద్దన్నాడు, నేనే బలవంతంగా ఇచ్చొచ్చా.

అక్కడే టిష్యూ మళ్ళీ పెట్టాం, ఈసారి అతుక్కొని కదల్లేదు. నిన్న మధ్యాహ్నం పొదలకూరు పోయొచ్చాం, మొదట హోరెత్తింది, ఊరు దాటి కాస్త దూరం పోయేసరికి దానంతటదే సర్దుకుంది. మా నాయన ఏసీ ఆపేశావా అని అడిగాడు.

ఒక్కటే మిగిలింది. రైల్వే గేటు దగ్గర బండి ఆగింది, ఇంజిన్ ఆన్‌లోనే ఉంది, కాసేపటికి ఫ్యాన్ మళ్ళీ మెల్లగా పెరిగింది, గేటు తీశాక కదిలితే తగ్గింది. ఇదేమైనా ఇంకో ఫాల్టా?

ఒంగోలు_ఆటో_ఏసీ

ఫాల్ట్ కాదు, అది చెయ్యాల్సిన పనే. పెట్రోలు డీజిలు బండ్లలో కంప్రెసర్ ఇంజిన్ బెల్టు మీద తిరుగుతది, బండి ఆగితే ఇంజిన్ ఐడిల్లో ఉంటది, కంప్రెసరూ నెమ్మదిస్తది. పైగా ముందు కండెన్సరుకి, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే జాలీకి, ఎదురుగాలి ఉండదు, దాని ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కూలింగ్ కాయిల్ కాస్త వేడెక్కుతది, లోపల అర డిగ్రీ ఒక డిగ్రీ పెరుగుతది, లోపలి సెన్సార్ ఇప్పుడు నిజం చెప్తా ఉంది కదా, ఫ్యాన్ పెరుగుతది. అదే గొట్టం ఊడి ఉన్నప్పుడయితే నీకు ఈ పెరగడం తగ్గడం అసలు తెలిసేదే కాదు.

కొన్ని కార్లలో గేటు దగ్గర బయటి టెంపరేచర్ కూడా 45, 46 అని చూపిస్తది, ఇంజిన్ వేడి బంపరు దగ్గరికి చేరి. దాన్ని చూసి కంగారు పడబాకు. చాలా కార్లలో బండి ఆగినప్పుడు ఆ పెరుగుదలని వెంటనే నమ్మకుండా, పాత నంబరే పట్టుకొని ఉంటది, కొంచెం స్పీడు అందుకున్నాకే కొత్తది తీసుకుంటది.

స్టీరియో షాపుకి పోయి గొడవ పెట్టుకోవాలనుకుంటే పెట్టుకో, కానీ పోయేముందు ఆ కింద ప్యానెల్ క్లిప్పులన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకో. ఒకటి వదులైనా మన రోడ్ల మీద కటకటమని సౌండొస్తది, దానికి మళ్ళీ ఇంకో పోస్టు పెడతావు.

గూడూరు_ట్యాక్సీ

గుడ్డకి బొక్క కొట్టా అన్నా. ఇవాళ ఎయిర్‌పోర్టు బేరంలో ముందు సీటాయన ఫ్యాన్ తగ్గించమన్నాడు.